కాలు లాక్కుంటే చాలదు

మొన్న పొద్దున ఒక ఆటో డ్రైవరు తన కుక్కను గోనెపట్టాలో చుట్టుకొని నంద్యాలలోని మా క్లినిక్‌కి వచ్చాడు. ఏదో వ్యాను గుద్దేసి పోయిందట. బల్ల మీద పెట్టి పట్టా విప్పగానే వేడి తారు, ఇంజను ఆయిలు, తడిసిన వెంట్రుకలు, వాటి అడుగున కొంచెం రక్తం, అన్నీ కలిసిన వాసన గదంతా నిండింది. రోడ్డు మీద దెబ్బతిన్న కుక్కలన్నిటికీ ఆ వాసనే ఉంటుంది. వెనక కాలి వేలిని చిమటాతో గట్టిగా నొక్కాను. కుక్క కాలు లాక్కుంది. "లాక్కున్యాది మేడం! కాల్లో జీవముండాది!" అని ఆటో అతను చేతులు జోడించాడు. "ఆగప్పా" అని ఇంకొంచెం గట్టిగా నొక్కాను. ఈసారి కుక్క గిర్రున తల తిప్పి నన్ను కరవబోయింది. పళ్లు చేతి తొడుగుకు తగిలాయి. నాకు నవ్వొచ్చింది. "కరవనీకె వస్తాంటే నగుతాండావేంది మేడం?" అని అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "కరవనీకె వచ్చింది కాబట్టే నగుతాండా. నీ కుక్క మీద ఆశ పెట్టుకోవచ్చు" అన్నాను.

తర్వాత చేతులు ఎంతసేపు కడిగినా ఆ వాసన పోలేదు. దానితోపాటే వచ్చే సిగ్గు కూడా పోలేదు. నాకు ఇన్నేళ్లుగా ఆ రెండూ కలిసే వస్తాయి. కుక్క తల తిప్పిందా లేదా అని ఆగి చూడాలని నాకు నేర్పిన మనిషిని మా ఇంట్లోవాళ్లు మా గడప బయట నిలబెట్టారు. ఆమె నేర్పిన మొదటి పాఠం నేను ఆ గడప లోపల కూర్చొని నేర్చుకున్నాను.

ఆమె పేరు రూతమ్మ. ఆళ్లగడ్డ పశువుల ఆసుపత్రిలో డాక్టరు. నాకు ఆమె ఎప్పుడూ మేడమే. సన్నటి మనిషి, పిన్ను పెట్టిన నూలు చీర, కాళ్లకు మగపిల్లలు వేసుకునే తెల్ల గుడ్డ బూట్లు. స్కూటర్ ముందు భాగంలో మందుల పెట్టె, వెనక సీటుకు తాడేసి కట్టిన మడత స్టూలు, హ్యాండిలుకు వేలాడే స్టీలు నీళ్ల సీసా. ఏ ఊరికి పోయినా ఆ స్టూలు తనే దించుకొని, తనే వేసుకొని కూర్చునేవారు. ఎవరైనా మంచినీళ్లు తెస్తామని లేచేలోపలే సీసా మూత తీసి రెండు గుక్కలు తాగేవారు. "ఆయమ్మ ఎంత శుభ్రమో చూడు, ఎవరింటి నీళ్లూ తాగదు" అని మా అమ్మ మెచ్చుకునేది. నేనూ అలాగే అనుకున్నాను. నీళ్లు ఎందులో పోసి ఇవ్వాలా అని ఎదుటివాళ్లు తడబడే ఆ చిన్న క్షణాన్ని చూడలేక ఆమె ఆ సీసా మోసుకు తిరిగారని నాకు తోచడానికి చాలా కాలం పట్టింది.

మాది ఆళ్లగడ్డ పక్కన, కడప రోడ్డుకు ఆనుకున్న ఊరు. పాత కాలం నుంచి భూములున్న ఇల్లు. మేడం వాళ్లది చర్చికి పోయే కుటుంబం. వాళ్ల నాయన బడిపంతులు, ఆయనకు ముందువాళ్లు మాలాంటివాళ్ల చేలలో కూలికి పోయినవాళ్లు. ఆమె ఎంత చదివినా, మా ఎద్దులనూ బర్రెలనూ ఎన్నిసార్లు బతికించినా, మా ఇంట్లో ఆమెకు హద్దు అరుగు దగ్గరే. ఆ మాట ఎవరూ పైకి అనరు. అనాల్సిన అవసరమే రాకుండా అందరూ మర్యాదగా సర్దుకుంటారు. పశువుల కొట్టంలోకి మాత్రం ఆమెకు ఏ అడ్డూ లేదు.

నేను ఇంటరు అయిపోయి, సీటు ఎక్కడొస్తుందో తెలియక ఇంట్లో ఉన్న రోజులవి. మా నల్ల కుక్క కర్రోడికి నాయన మోటారు సైకిలు వెంటబడి పరిగెత్తడం అలవాటు. ఆ రోజు హైవే దాటుతుంటే కారు తగిలింది. నాయన వెనక్కి తిరిగి చూసేసరికి రోడ్డు మీద వాడు లేడు. ముందుకాళ్ల మీద పాకుతూ, వెనకకాళ్లు ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చేశాడు. ఎన్నడూ అరుగు ఎక్కనివ్వని కుక్క, నేరుగా నడిమింట్లోకి పోయి, దేవుని గూటి కింద వడ్ల బస్తాల సందులో దూరి పడుకున్నాడు. మా జేజి, నాయన తల్లి, వాణ్ని ఒక్కమాట అనలేదు. "పాపం, నోరు లేని జీవి, యాడికి పోతాది" అని తన కొంగుతోనే వాడి మూతి తుడిచింది. జేజి రాతిగుండె మనిషి కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆమె రాతిగుండెదై ఉంటే నాకు కొంత సులువయ్యేది.

నేను ఫోన్ చేస్తే మేడం వెంటనే వచ్చారు. స్కూటర్ ఆపి పెట్టె తీసుకున్నారు. "యాడుంది?" అన్నారు. "లోపల మేడం, రాండి" అన్నాను. ఆమె ఒక మెట్టు ఎక్కారు. లోపలినుంచి జేజి గొంతు వినిపించింది, చాలా తీయగా: "ఆడనే ఉండు తల్లీ. ఈడ దేవుని గూడుంది. కుక్కను బయటికి తెప్పిస్తాంలే." నేను నాయన వంక చూశాను. నాయన బస్తాల వంక చూశాడు. మేడం ఎక్కిన మెట్టు దిగారు. ముఖంలో ఏ మార్పూ లేదు. అది నన్ను ఇప్పటికీ వదలదు. కోపం కనిపించి ఉంటే అది కొత్త సంగతి అనుకునేదాన్ని. ఆమె స్టూలు విప్పి, గడపకు ఎదురుగా వేసుకొని కూర్చున్నారు.

"కదిలించొద్దు" అన్నారు. "వెనకకాళ్లు ఈడ్చినాడంటే వెన్నెముకకు తగిలిందేమో. కదిలిస్తే ఉన్నదీ పోతాది. పాపా, నువ్వు పో వాని దగ్గరికి. నేను చెప్తా, నువ్వు చూడు."

అలా మొదలైంది. ఆమె బయట, నేను లోపల, మధ్యలో పసుపు రాసిన గడప. వాడి తొడ మీద చర్మం చిరిగి ఎర్రగా వేలాడుతోంది. నా కళ్లు దాని మీదనుంచి పోవడం లేదు. ఏడుస్తూ అదే చెప్పాను. "అది కడాకు చూద్దాం" అన్నారు మేడం. "కండ్లకు కనపడే గాయం యాడికీ పోదు. ముందు పెదవి ఎత్తి చిగురు చూడు. ఏం రంగు?" కొంచెం పాలిపోయిన గులాబీ రంగు. "వేలితో నొక్కి వదులు. తెల్లగయి మళ్లా రంగొచ్చిందా? బేగా వచ్చిందా, నిదానంగా వచ్చిందా?" బేగానే వచ్చింది. "మంచిది. రక్తం లోపల పోతాండేట్టు లేదు. రొమ్ము చూడు, సమంగా ఎగుస్తాందా? కడుపు గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?" జేజి చెంబుతో నీళ్లు తెచ్చింది. "నీళ్లు తాపొద్దవ్వా!" అని మేడం బయటినుంచి కేకేశారు. జేజి చెంబు దించేసింది. ఆమె మాట లోపలికి రావచ్చు. మాటకు అంటు లేదు.

"ఇంగ వెనకకాలి వేలు పట్టుకో. నీ గోటితో ఎముక మీద నొక్కు. జాలిపడొద్దు." నొక్కాను. "కాలు లాక్కున్యాడు మేడం!" అని అరిచాను, పరీక్ష పాసైనట్టు. "కాలు లాక్కుంటే చాలదు. తిరిగి చూసినాడా?" నాకు అర్థం కాలేదు. "నీ దిక్కు తల తిప్పి చూడాల. ఏడ్వనన్నా ఏడ్వాల. ఇంగోసారి నొక్కు." ఈసారి నా బలమంతా పెట్టి నొక్కాను. కర్రోడు మెల్లగా తల తిప్పి, నా వేళ్ల వంక, ఆ తర్వాత నా ముఖం వంక చూశాడు. ఎందుకిట్లా చేస్తాండావ్ అన్నట్టు చూసి, కుయ్యిమన్నాడు. "చూసినాడు మేడం!" అంటే, ఆమె ముఖం వెలిగింది. ఆ రోజు ఆమె నవ్వింది ఆ ఒక్కసారే. "అయితే నరం బతికుంది. ఏదన్నా పలక గానీ, పాత తలుపుచెక్క గానీ తెప్పించన్నా. వాణ్ని దాని మీదికి జరిపి, గుడ్డతో కట్టి నంద్యాలకు తీసుకపోదాం. ఆడ ఎక్స్‌రే తీస్తారు" అని నాయనకు చెప్పారు.

ఇంతలో వీధిలో జనం పోగయ్యారు. ఆసుపత్రి డాక్టరు వాకిట్లో స్టూలు వేసుకొని కూర్చొని ఇంట్లోకి కేకలేస్తుంటే ఎవరు ఆగి చూడరు? మా నాయనకు అది తలకొట్టేసినట్టయింది. ఆమెను లోపలికి పిలిస్తే జేజికి కోపం, పిలవకపోతే వీధిలో నగుబాటు. ఆ రెండిటి నడుమ ఆయనకు దొరికిన దారి ఒక్కటే. "ఇంత రభస ఎందుకు, పిల్లోని మాదిరి ఎత్తుకొస్తా" అని భుజం మీది టవలు తీశాడు. "ఎత్తొద్దన్నా! ఎత్తొద్దు!" అని మేడం స్టూలు మీదనుంచి లేచి గడప దాకా వచ్చేశారు. ఆమె బూటు ముందు భాగం గడపను తాకింది. అక్కడే ఆగిపోయారు. ఆ రోజు ఆమె దాటి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. దాటమని చేయి పట్టి లాగాల్సింది నేను. నా చేతులు కుక్క కాళ్ల దగ్గర ఉన్నాయి. నాయన అప్పటికే వాడి నడుము కింద టవలు దూర్చి ఎత్తేశాడు. కర్రోడు ఒక్క అరుపు అరిచాడు. తర్వాత అరవలేదు.

అరుగు మీద పడుకోబెట్టాక మేడం వాడి వెనకకాలి వేలు తనే నొక్కారు. కాలు లాక్కుంది. "చూడు డాక్టరమ్మా, లాక్కుంటాండాడు గదా, ఏం కాలే" అన్నాడు నాయన, ఊపిరి పీల్చుకుంటూ. మేడం ఇంకోసారి నొక్కారు. చిమటా తీసి దానితో నొక్కారు. కాలు ప్రతిసారీ లాక్కుంది. కర్రోడు మాత్రం రోడ్డు మీద పోయే బస్సుల వంక ప్రశాంతంగా చూస్తున్నాడు, ఆ కాలు ఇంకెవరిదో అన్నట్టు. "ఇందాక చూసినాడన్నావు గదా పాపా?" అని మేడం నన్ను అడిగారు. "చూసినాడు మేడం." ఆమె తలూపి, తొడ మీది గాయం కడగడం మొదలుపెట్టారు. నాయన ఒక్కడే ఇంకా "ఏం కాలే, ఏం కాలే" అంటున్నాడు.

పలక మీద కట్టి కర్రోణ్ని ట్రాలీ ఆటోలో ఎక్కించాక మేడం స్టూలు మడిచి స్కూటర్ ఎక్కారు. ఆమె ఇంకా వీధి మలుపు తిరగలేదు. జేజి చెంబుతో వచ్చి ఆమె కూర్చున్న చోట, నిలబడిన మెట్టు మీద నీళ్లు చల్లింది. లోపల కుక్క రక్తం అప్పటికి కడగలేదు. స్కూటర్‌కు అద్దం ఉంది. ఆమె చూశారా అని నేను ఎన్నడూ అడగలేదు. చూసే ఉంటారు.

నంద్యాలలో తీసిన ఎక్స్‌రేలో వెన్నుపూస విరిగి పక్కకు జరిగి ఉంది. కొన్ని వారాలు కొట్టంలో గడ్డి పరిచి వాణ్ని చూసుకున్నాం. పక్కలు మార్చడం, ఒంటేలు వత్తి తీయడం, పుండ్లకు మందు రాయడం అన్నీ మేడం నాకు అక్కడే నేర్పారు. కాళ్లలోకి ప్రాణం రాలేదు. పుండ్లు ఎముకల దాకా దిగాక ఒక సాయంత్రం ఆమే సూది వేశారు. తల నా ఒళ్లో ఉంది. "మొదటినుంచీ అంతేనేమో మేడం, ఎత్తకపోయినా నడిచేవాడు కాదేమో" అన్నాను. నాకు ఆ మాట కావాలి. "అబద్ధం చెప్పల్నా?" అన్నారు ఆమె. నేను తలదించుకున్నాను.

నేను పశువైద్యంలో చేరడానికి మూలం ఆ కొట్టమే. సీటు వచ్చిందని చెప్పడానికి నంద్యాలలో మేడం ఇంటికి పోయాను. ఆమె నన్ను ముందుగదిలో కూర్చోబెట్టలేదు. నేరుగా వంటింట్లోకి తీసుకుపోయి, పీట వేసి, వేడి జొన్నరొట్టె, శనక్కాయ చట్నీ కంచంలో పెట్టి, గ్లాసుతో నీళ్లిచ్చారు. నా చేయి గ్లాసు దాకా పోయి ఆగింది. రెప్పపాటే. నాకేమీ పట్టింపు లేదని, నేను మా ఇంటివాళ్లలాంటిదాన్ని కానని ఆ రోజుదాకా గట్టిగా నమ్మినదాన్ని. నా చెయ్యి నా పరువు తీసింది. భూమి చీలితే బాగుండును అనిపించింది. తలెత్తి ఆమె ముఖంలోకి చూశాను. ఆమె అంతా చూశారు.

"ఏందీ, కాలు లాక్కుంటివా?" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆమె పెనం మీద ఇంకో రొట్టె తిప్పుతూ, "లాక్కునేది వెన్నుపాము పని పాపా" అన్నారు. "నెత్తికి తెలిసేలోపలే అయిపోతాది. చిన్నప్పటినుంచి నూరిపోసింది ఒక్కనాటికి పోదు. తిరిగి చూసినావు గదా. అది నీ నెత్తి పని. తిను, ఆరిపోతాది."

తిన్నాను. ఆ నీళ్లు మొత్తం తాగాను. ఆ మాటను క్షమించడంగా తీసుకోవాలని చాలా ఏళ్లు ప్రయత్నించాను. కుదరలేదు. ఆమె నన్ను పరీక్షించి, ఉన్నది ఉన్నట్టు చెప్పారు, అంతే. సెలవుల్లో ఆళ్లగడ్డ ఆసుపత్రికి పోయి ఆమె పక్కన నిలబడేదాన్ని. లారీ కింద పడ్డ కుక్కను ఎవరైనా తెచ్చి "రక్తం చూడు డాక్టరమ్మా, రక్తం!" అని గగ్గోలు పెడితే, "రక్తం నాకూ కనపడతాంది. కనపడందాన్ని చూడనీ" అని కసిరేవారు. పొగరుబోతు అని పేరు కూడా ఉండేది. నా మీదా కసురుకున్నారు, చాలాసార్లు. మా ఇంటి సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

జేజి పోయాక నాయన ఒకసారి బర్రెను చూపించడానికి పిలిచి, "లోపలికి రా డాక్టరమ్మా, కాఫీ తాగి పోదువు" అన్నాడట. "ఈడ గాలి బాగుందన్నా" అని ఆమె స్టూలు మీదనే కూర్చున్నారట. సీసా మూత తీసి రెండు గుక్కలు తాగారట. అది చెప్పినప్పుడు నాయన నా ముఖం చూడలేదు. మా గడప ఆమె ఎన్నటికీ దాటలేదు.

పోయినేడు మేడం చనిపోయారు. నంద్యాలలో ఇంటి ముందు షామియానా వేశారు, లోపల హాల్లో పెట్టె చుట్టూ పాటలు పాడుతున్నారు. నేను లోపల ఉన్నాను. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర మా నాయన. ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి ఒక్కడే వచ్చాడు. మేడం తమ్ముడు పోయి, "ఎండలో ఏం నిలబడ్తావప్పా, లోపలికి రా" అని చేయి పట్టుకున్నాడు. నాయన చేయి విడిపించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చనిపోయాక కూడానా! బయటికి పోయి, పదిమంది వింటారన్న జ్ఞానం కూడా లేకుండా, "ఏం నాయనా, ఈ గడప గూడా పనికిరాదా నీకు?" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. ముసలి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆ పొద్దు గడప తాకి, ఎత్తొద్దన్నా ఎత్తొద్దన్నా అనె గదమ్మా ఆయమ్మ" అన్నాడు. "నాకింగా ఇనపడతాంది. ఏ మొగం పెట్టుకోని లోపలికి పోవాల? నన్నీడనే ఉండనీ."

పెట్టె బయటికి తెచ్చేదాకా ఆయన అక్కడే, ఎండలో, చెప్పులు విడిచి నిలబడ్డాడు. నీళ్లిస్తే వద్దనలేదు. రెండు చేతులతో తీసుకొని మొత్తం తాగాడు. ఆయన పక్కన నేనూ నిలబడ్డాను. అంతకుముందు ఎన్నడూ ఆయన నాకు అంత దగ్గరి మనిషిలా అనిపించలేదు.

ఇప్పుడు పల్లెల్లో పశువులను చూడటానికి పోతే ఎవరో ఒకరు గ్లాసుతో నీళ్లు తెస్తారు. నేను సీసా తీసుకుపోను. చేయి ఆగుతుందేమోనన్న భయం ఇంకా పోలేదు. ఎప్పుడైనా ఆగుతుంది కూడా. అప్పుడు ముందు ఆ గ్లాసు ఇచ్చిన మనిషి ముఖంలోకి చూస్తాను. చూశాకే తాగుతాను.